ట్యూబ్ టెస్టుకు వెళ్లే ముందు: చీటీలో రాయని కారణాలు

"ఎనిమిదో రోజున రండి. వచ్చే ముందు మాత్ర వేసుకోండి. ఒకరిని తోడు తెచ్చుకోండి." గర్భాశయం, అండవాహికల ఎక్స్-రే పరీక్షకు డాక్టరు రాశాక మా వదిన చేతికి వచ్చిన చీటీలో ఉన్నవి ఈ మూడు వాక్యాలే. ఆ ప్రకారమే ఆమె స్కూలుకు సెలవు పెట్టింది. నేను తోడు వెళ్లాను. రెండు గంటలు బస్సులో ప్రయాణం చేసి, గంటసేపు బల్ల మీద కూర్చున్నాక లోపలికి పిలిచారు. టెక్నీషియన్ అడిగిన మొదటి ప్రశ్న: "నెలసరి ఏ తేదీన మొదలైందమ్మా?"

వదిన తేదీ చెప్పింది. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇవాళ మీకు పన్నెండో రోజు. ఇప్పుడు తియ్యకూడదు. వచ్చే నెల రండి" అంది.

తప్పు ఎవరిది? చాలా తెలుగు ఇళ్లలో మాదిరిగానే వదిన కూడా తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కపెట్టింది. ఐదో రోజు స్నానాన్ని ఒకటిగా పెట్టుకుంటే ఎనిమిదో రోజు వచ్చేసరికి నిజానికి పన్నెండు అవుతుంది. ఆస్పత్రి లెక్క వేరు. ఎర్రగా రక్తస్రావం మొదలైన రోజే ఒకటో రోజు. చీటీలో ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఒక నెల మిగిలేది. పిల్లల కోసం ఎదురుచూసే వాళ్లకు ఒక నెల అంటే మాటలు కాదు.

ఈ పరీక్షకు ముందు చేయమనే ప్రతి పనికీ ఒక కారణం ఉంది. కారణం తెలిస్తే సూచన మరిచిపోం, లెక్క తప్పం. అనవసరమైన భయమూ తగ్గుతుంది. అందుకే ఈ వ్యాసం.

ఏమిటీ పరీక్ష?

దీని పూర్తి పేరు హిస్టరోసాల్పింగోగ్రఫీ. ఆస్పత్రుల్లో హెచ్.ఎస్.జి. అంటారు, వాడుకలో ట్యూబ్ టెస్ట్. గ్రీకు భాషలో హిస్టెరా అంటే గర్భాశయం, సాల్పింక్స్ అంటే బూర. గర్భాశయానికి రెండు వైపులా ఉండే అండవాహికలు చివర వెడల్పై బూరను పోలి ఉంటాయి. ఇటలీకి చెందిన శరీరశాస్త్రవేత్త గాబ్రియేల్ ఫలోపియో 1561లో వెలువడిన తన గ్రంథంలో వీటిని వర్ణించాడు. ఫలోపియన్ ట్యూబులు అనే పేరు ఆయన వల్ల వచ్చిందే.

ఒక్కో నాళం పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. గర్భాశయం గోడలోంచి వెళ్లే చోట దాని లోపలి దారి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అండమూ శుక్రకణమూ కలిసేది ఈ నాళంలోనే. ఫలదీకరణం చెందిన అండం గర్భాశయానికి చేరేదీ ఈ దారిలోనే. పాత ఇన్ఫెక్షన్లు, క్షయ, ఎండోమెట్రియోసిస్, గతంలో జరిగిన ఆపరేషన్ల వల్ల ఏర్పడిన అతుకులు, వీటిలో ఏదైనా ఆ దారిని మూసేయగలదు. మూసుకుపోయినా బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు.

దంపతులు 12 నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమిగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. ప్రపంచంలో పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటున్నారని 2023లో ఆ సంస్థ అంచనా వేసింది. కారణం వెతికే క్రమంలో చేసే పరీక్షల్లో ట్యూబ్ టెస్ట్ ఒకటి. గర్భాశయం లోపల అడ్డగోడ ఉందా, పాలిప్, ఫైబ్రాయిడ్, అతుకులు ఉన్నాయా అనేది కూడా ఇందులో కొంతవరకు తెలుస్తుంది.

ఇక్కడే ఒక మాట. భర్త వీర్య పరీక్షలో సూది లేదు, ఎక్స్-రే లేదు, నొప్పి లేదు. ఖర్చూ తక్కువే. అయినా చాలా ఇళ్లలో భార్యకు అన్ని పరీక్షలూ అయ్యాకే భర్త వంతు వస్తుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. ట్యూబ్ టెస్టుకు తేదీ తీసుకునే ముందే ఆ రిపోర్టు చేతిలో ఉండటం మేలు. దాన్ని బట్టి వైద్యం దారే మారిపోవచ్చు.

రంగు లేని 'డై'

ఎముక విరిగితే ఎక్స్-రేలో కనిపిస్తుంది. గర్భాశయం ఎందుకు కనిపించదు? ఎక్స్ కిరణాలను అడ్డుకునే శక్తి ఆ పదార్థంలోని పరమాణువుల మీద ఆధారపడి ఉంటుంది. వైద్యంలో వాడే శక్తి స్థాయిల్లో ఒక ముఖ్యమైన శోషణ విధానం పరమాణు సంఖ్యకు దాదాపు ఘనంగా పెరుగుతుంది. కండరంలో ఎక్కువగా ఉండే ఆక్సిజన్ పరమాణు సంఖ్య 8, ఎముకలోని కాల్షియంది 20. అందుకే ఎముక తెల్లగా తేలుతుంది. గర్భాశయం, నాళాలు, చుట్టూ ఉన్న పేగులు అన్నీ మెత్తటి కణజాలమే. వాటి మధ్య తేడా ఎక్స్-రేకు దాదాపు తెలియదు.

అందుకని లోపలి ఖాళీని అయోడిన్ ఉన్న ద్రవంతో నింపుతారు. అయోడిన్ పరమాణు సంఖ్య 53. ద్రవం చేరిన చోటల్లా కిరణాలు ఆగిపోయి, లోపలి ఖాళీ ఆకారం బొమ్మలా కనబడుతుంది. రెండు నాళాల చివరి నుంచి ద్రవం పొత్తికడుపులోకి జారితే దారి తెరిచి ఉన్నట్టు. 1910లో రిండ్‌ఫ్లైష్ అనే వైద్యుడు బిస్మత్ ద్రావణంతో గర్భాశయాన్ని ఎక్స్-రేలో చూశాడు. 1920ల్లో అయోడిన్ కలిపిన నూనె వాడకంలోకి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా నీటిలో కరిగే అయోడిన్ ద్రవాలనే వాడుతున్నారు.

ఆస్పత్రిలో దీన్ని 'డై' అంటారు గానీ కంటికి అది నీళ్లలాగే ఉంటుంది. ఇది రేడియోధార్మిక అయోడిన్ కాదు. శరీరం దాన్ని పీల్చుకుని మూత్రంలో బయటికి పంపేస్తుంది.

ఎన్నో రోజున, ఎందుకు?

పరీక్షను సాధారణంగా నెలసరి మొదలైన 6వ రోజు నుంచి 10 లేదా 11వ రోజు లోపల, రక్తస్రావం పూర్తిగా ఆగాక చేస్తారు. ఈ కిటికీకి రెండు గట్లున్నాయి.

మరీ ముందు ఎందుకు కాదంటే, రక్తం ఇంకా కనిపిస్తుంటే లోపలి గడ్డలు బొమ్మలో పాలిప్‌లాగో ఫైబ్రాయిడ్‌లాగో మోసం చేస్తాయి. పైగా ఆ సమయంలో ద్రవం రక్తనాళాల్లోకి చేరే అవకాశం ఎక్కువ.

ఆలస్యం ఎందుకు కాదంటే, 28 రోజుల చక్రంలో అండం దాదాపు 14వ రోజున విడుదలవుతుంది. ఆ తర్వాత పరీక్ష చేస్తే, అప్పుడే మొదలైన గర్భానికి రేడియేషన్, ద్రవం రెండూ తగలవచ్చు. ఇంకో కారణం, చక్రం తొలి సగంలో గర్భాశయ లోపలి పొర పలచగా ఉంటుంది, బొమ్మ స్పష్టంగా వస్తుంది. తర్వాత అది దళసరి అవుతుంది.

అందరికీ చక్రం 28 రోజులు ఉండదు. 24 రోజులకే నెలసరి వచ్చేవారిలో అండం 10వ రోజుకే విడుదల కావచ్చు. వాళ్లు 10వ రోజు దాకా ఆగకూడదు. పీసీఓఎస్ వల్ల నెలసరి క్రమం తప్పేవారు రోజుల లెక్కను నమ్ముకోకుండా డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. గత మూడు నెలల తేదీలు రాసుకుని వెళితే ఈ నిర్ణయం సులువవుతుంది. నెలసరి మొదలైన రోజే కేంద్రానికి ఫోను చేసి తేదీ ఖాయం చేసుకోండి. మధ్యలో ఆదివారమో పండగో పడితే ఆ నాలుగైదు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

నెలసరి మొదలైనప్పటి నుంచి పరీక్ష అయ్యేదాకా భార్యాభర్తలు కలవవద్దని చెప్పడానికీ కారణం ఇదే. శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం అనుకున్నదానికంటే ముందే విడుదలైతే గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. చాలా కేంద్రాల్లో పరీక్షకు ముందు మూత్రంతో గర్భ నిర్ధారణ కూడా చేస్తారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు. గర్భం వచ్చిన కొత్తలో కొందరికి కొద్దిగా రక్తం కనిపిస్తుంది, దాన్ని నెలసరి అనుకునే ప్రమాదం ఉంది. ఈసారి రక్తస్రావం ఎప్పటికంటే తక్కువగా లేదా వేరుగా అనిపిస్తే ఆ మాట తప్పక చెప్పండి.

డాక్టరు అడగకపోయినా చెప్పాల్సినవి

జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే పరీక్షకు ముందే చెప్పాలి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ద్రవాన్ని ఎక్కిస్తే అది పైకి, నాళాల దాకా పాకుతుంది. ముందు చికిత్స, తర్వాతే పరీక్ష.

గతంలో క్షయ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా వచ్చినా చెప్పండి. మన దేశంలో నాళాలు దెబ్బతినడానికి జననేంద్రియాల క్షయ ఒక ముఖ్యమైన కారణం. దగ్గు లేకుండా, జ్వరం లేకుండా కూడా అది నాళాల్లో ఉండవచ్చు. క్షయ సోకిన నాళం కొన్నిసార్లు ఈ ఎక్స్-రేలో పూసలు గుచ్చినట్టు కనిపిస్తుంది. అయితే వ్యాధి చురుగ్గా ఉందన్న అనుమానం ఉంటే ఈ పరీక్షను వాయిదా వేస్తారు.

ఇంతకు ముందు సీటీ స్కాన్ లాంటి వాటిలో కాంట్రాస్ట్ ద్రవం ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది చాలా ముఖ్యం. ఆస్తమా, థైరాయిడ్ సమస్య, వాడుతున్న మందులు కూడా చెప్పాలి. పీసీఓఎస్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారు దాన్ని ఆపాలా వద్దా అని అడిగి తెలుసుకోండి. సొంతంగా ఆపవద్దు.

రొయ్యలు, చేపలు పడని వాళ్లకు ఈ పరీక్ష ప్రమాదమని ఒక మాట ప్రచారంలో ఉంది. సముద్రపు తిండిలో అయోడిన్ ఉంటుంది, డైలోనూ అయోడిన్ ఉంది కాబట్టి రెండూ ఒకటే అన్నది ఆ వాదం. అది సరికాదు. రొయ్యలు పడనివారిలో చిక్కు తెచ్చేది ప్రధానంగా ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, అయోడిన్ కాదు. మనం రోజూ కూరలో వేసుకునే ఉప్పులోనూ అయోడిన్ ఉంది కదా. ఏ రకం అలర్జీ ఉన్నా డాక్టరుకు చెప్పండి. రొయ్యల కారణంగా మాత్రం పరీక్ష మానుకోనక్కరలేదు.

ఆ మాత్ర ఎందుకు?

పరీక్షకు అరగంట, గంట ముందు వేసుకోమని నొప్పి తగ్గించే మాత్ర రాస్తారు. కొన్నిచోట్ల కండరాల పట్టు సడలించే మందు కూడా ఇస్తారు. "నేను నొప్పి ఓర్చుకోగలను, మాత్ర వద్దు" అనుకునేవారు ఈ పేరా చదవాలి.

గర్భాశయం కండరం. ద్రవం లోపలికి వచ్చినప్పుడు అది బిగుసుకుంటుంది. నెలసరి నొప్పి లాంటి నొప్పి అందుకే. ఆ బిగువుకు నాళం మొదలు కూడా ముడుచుకుపోవచ్చు. సన్నటి గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థానికి నాలుగో ఘాతంగా మారుతుందని భౌతికశాస్త్రంలో పాయిజ్వీ సూత్రం చెబుతుంది. దారి సగానికి ముడుచుకుంటే, అదే పీడనంతో వెళ్లే ద్రవం పదహారో వంతుకు పడిపోతుంది. శరీరంలోని నాళం గాజు గొట్టం కాదు కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు. కానీ సంగతి అర్థమవుతుంది. కాస్త బిగిసినా ద్రవం వెళ్లదు. తెరిచి ఉన్న నాళం మూసుకుపోయినట్టు ఎక్స్-రేలో కనిపిస్తుంది. మాత్ర వేసుకోవడం, ఊపిరి నెమ్మదిగా వదలడం, డాక్టరు ద్రవాన్ని మెల్లగా ఎక్కించడం, ఇవన్నీ సౌకర్యం కోసమే కాదు, ఫలితం సరిగా రావడం కోసం కూడా.

మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోవాలా, తిన్నాకా అన్నది అడగండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవారికి కొన్ని నొప్పి మందులు పడవు. మందుల షాపులో చెప్పినదల్లా వేసుకోకండి. ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇవ్వాలా అన్నది గత చరిత్రను బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. నాళాలు ఉబ్బి ఉన్నట్టు తేలితే తప్పక ఇస్తారు. రాసిన కోర్సు పూర్తి చేయాలి.

ఆ రోజు ఉదయం

ఉపవాసం సాధారణంగా అక్కర్లేదు. ఇడ్లీ లాంటి తేలికైన టిఫిన్ తినవచ్చు. మత్తు ఇచ్చి చేసే చోట మాత్రం ఖాళీ కడుపుతో రమ్మంటారు, కాబట్టి ముందే కనుక్కోండి. మామూలుగా స్నానం చేసి, వదులుగా, సులువుగా మార్చుకునే బట్టలు వేసుకోండి. ఒక శానిటరీ ప్యాడ్, పాత రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు వెంట ఉంచుకోండి. పరీక్షకు ముందు మూత్ర విసర్జన చేయాలి. మూత్రాశయం నిండి ఉంటే గర్భాశయం కదిలి బొమ్మ పాడవుతుంది.

నడుము చుట్టూ ఉన్న లోహం బొమ్మలో కనిపిస్తుంది. మొలతాడు, వెండి గొలుసు, లోహపు హుక్కులు, తాళం చెవుల గుత్తి తీసేయాలి. మంగళసూత్రం సంగతి చాలామంది అడుగుతారు. ఎక్స్-రే తీసేది పొత్తికడుపుకే కాబట్టి మెడలో ఉన్నది సాధారణంగా అడ్డం కాదు. పొడవుగా ఉంటే పైకి జరుపుకుంటే చాలు. కేంద్రం నియమం వేరైతే దాన్ని పాటించండి.

తోడు వచ్చేవారు గర్భిణి కాకుండా చూసుకోండి. కొందరికి పరీక్ష అయ్యాక కాసేపు కళ్లు తిరుగుతాయి, ఒంటరిగా బండి నడుపుకుంటూ తిరిగి వెళ్లడం మంచిది కాదు.

గదిలో ఏం జరుగుతుంది?

ఎక్స్-రే బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్లు మడిచి ఉంచమంటారు. స్పెక్యులమ్ అనే పరికరంతో గర్భాశయ ముఖద్వారం కనిపించేలా చేసి, మందుతో శుభ్రం చేస్తారు. సన్నటి గొట్టం అమర్చి, కొన్ని మిల్లీలీటర్ల ద్రవాన్ని మెల్లగా పంపుతూ తెర మీద చూస్తారు. మధ్యలో కొద్దిగా పక్కకు తిరగమనవచ్చు. మొత్తం పావుగంట నుంచి అరగంట. కిరణాలు వెలువడేది అందులో చాలా కొద్దిసేపే.

నొప్పి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొందరికి చిన్న మెలిక, కొందరికి గట్టి నెలసరి నొప్పి. ఎక్కువమందికి కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది. "నొప్పిగా ఉంది, కాసేపు ఆపండి" అనడం మీ హక్కు. పురుష సిబ్బంది ఉంటే గదిలో ఒక మహిళ ఉండాలని అడగవచ్చు. సంకోచించాల్సిన పని లేదు.

రేడియేషన్ ఎంత?

యంత్రాన్నీ, చేసే పద్ధతినీ బట్టి మారినా, ఈ పరీక్షలో అందే మోతాదు సుమారు 1 నుంచి 2 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సహజంగా అందేది సుమారు 2.4 మిల్లీసీవర్టులు. అంటే కొన్ని నెలల్లో ఎలాగూ అందేది ఒక్కసారిగా అందుతుంది. ఛాతీ ఎక్స్-రే కంటే ఇది బాగా ఎక్కువ, పొట్ట సీటీ స్కాన్ కంటే బాగా తక్కువ. అవసరం ఉన్నప్పుడు చేయించుకోవడానికి భయపడేంత కాదు, అవసరం లేకుండా మళ్లీ మళ్లీ చేయించుకునేంత తేలికా కాదు. పాత ఫిల్ములు పారేయవద్దనడం అందుకే.

పరీక్ష అయ్యాక ఒంట్లో రేడియేషన్ మిగలదు. స్విచ్ ఆపాక గదిలో దీపపు వెలుగు మిగలనట్టే. మన దేశంలో వైద్య ఎక్స్-రే యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఉందా అని అడగడం తప్పు కాదు.

రిపోర్టును ఎలా చదవాలి?

'నాళం కనిపించలేదు' అంటే 'మూసుకుపోయింది' అని ప్రతిసారీ అర్థం కాదు. 1995లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, నాళాలు నిజంగా మూసుకుపోయినవారిలో ఈ పరీక్ష నూటికి 65 మందిని పట్టుకుంది. తెరిచి ఉన్నవారిలో నూటికి 83 మందికి సరిగ్గా చెప్పింది. అంటే బాగానే ఉన్నవారిలోనూ నూటికి 17 మందికి అడ్డు ఉన్నట్టు తప్పుగా వచ్చింది. ముఖ్యంగా నాళం మొదట్లోనే ఆగినట్టు వస్తే అది కండరాల బిగువు కావచ్చు. అవసరమైతే లాపరోస్కోపీలో నీలిరంగు ద్రవంతో, లేదా అల్ట్రాసౌండ్‌తో చేసే పరీక్షతో నిర్ధారించుకుంటారు. నాళం తెరిచి ఉందని వచ్చినా, అది సరిగా పనిచేస్తోందా అన్నది ఈ బొమ్మ చెప్పదు.

పరీక్ష తర్వాత గర్భం వచ్చినవాళ్ల కథలు మీరు వినే ఉంటారు. అందులో కొంత నిజం ఉంది. నెదర్లాండ్స్‌లో 1119 మంది మహిళలపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలల్లో గర్భం నిలిచినవారు నూనె ద్రవం వాడిన వర్గంలో 39.7 శాతం, నీటి ద్రవం వాడిన వర్గంలో 29.1 శాతం. అయితే నూనెలోని అయోడిన్ చాలాకాలం ఒంట్లో నిలుస్తుంది, థైరాయిడ్‌పై ప్రభావం చూపగలదు. ఎవరికి ఏది అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

ఇంటికి వచ్చాక

ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తం, జిగటగా ద్రవం, తేలికపాటి నొప్పి మామూలే. ప్యాడ్ వాడండి, టాంపన్ వద్దు. ఒకటి రెండు రోజులు దంపతులు దూరంగా ఉండమంటారు. జ్వరం, పెరుగుతున్న కడుపు నొప్పి, దుర్వాసన, నెలసరిని మించిన రక్తస్రావం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇన్ఫెక్షన్ అరుదే గానీ, వస్తే దెబ్బతినేది మనం కాపాడుకోవాలనుకున్న ఆ నాళాలే.

మరుసటి నెల వదిన రక్తం కనిపించిన రోజునే క్యాలెండరులో 1 అని రాసి ఫోను చేసింది. ఎనిమిదో రోజున పరీక్ష అయింది. కుడి నాళం తెరిచి ఉంది, ఎడమది కనిపించలేదు. "ఒకటి చాలు గర్భం రావడానికి. రెండోది బిగువు వల్ల కావచ్చు, చూద్దాం" అన్నారు డాక్టరు. ఆ తర్వాత అన్నయ్య వైపు తిరిగి వీర్య పరీక్షకు చీటీ రాసిచ్చారు. ఆ చీటీలోనూ మూడే వాక్యాలున్నాయి. ఈసారి అన్నయ్య ఒక్కో వాక్యానికీ కారణం అడిగి రాసుకున్నాడు.